జనవరి చలిలో 268 మైళ్లు: స్పైన్ రేస్‌లో నా అనుభవం

స్పైన్ రేస్ పూర్తి చేశానని తెలిసిన ప్రతివాళ్లూ ముందు అడిగేది ఒకటే: "రాత్రీ పగలూ అన్ని గంటలు ఎలా పరిగెత్తావు?" నిజానికి నేను పరిగెత్తింది తక్కువ, గబగబా నడిచింది ఎక్కువ. ఆ నడక కంటే కూడా కష్టపడి నేర్చుకున్నది ఆగడం. ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి, ఆగగానే ముందు ఏ పని చెయ్యాలి, తర్వాత ఏది. జనవరిలో ఉత్తర ఇంగ్లండ్ కొండల మీద ఆ విద్య రాకపోతే కాళ్లలో ఎంత బలం ఉన్నా చాలదు.

ఈ రేస్ జరిగే దారి గురించి ముందు కొంచెం చెప్పాలి. పెన్నైన్ వే అనే కాలిబాట డెర్బీషైర్‌లోని ఈడేల్ అనే పల్లెలో మొదలై, కొండల వెంట ఉత్తరానికి సాగి, స్కాట్లండ్ సరిహద్దు దాటగానే వచ్చే కర్క్ యెథమ్ దగ్గర ముగుస్తుంది. 268 మైళ్లు, అంటే 431 కిలోమీటర్లు. ఇలాంటి బాట ఒకటి ఈ దేశానికి కావాలని టామ్ స్టీఫెన్‌సన్ అనే పాత్రికేయుడు 1935లో డైలీ హెరాల్డ్ పత్రికలో రాశారు. అది తెరుచుకునేసరికి 1965 వచ్చింది. ముప్పై ఏళ్లు పట్టిందంటే కొండలు అడ్డొచ్చి కాదు. ఆ కొండల మీద చాలా నేల భూస్వాములు పక్షుల వేటకి ఉంచుకున్నది, మామూలు మనుషుల్ని అడుగు పెట్టనిచ్చేవాళ్లు కాదు. 1932 ఏప్రిల్‌లో వందలాది మంది, చాలావరకు కార్మికులే, ఆ నిషేధాన్ని కాదని కిండర్ స్కౌట్ కొండెక్కారు. వాళ్లలో కొందరు జైలుకి పోయారు. రేస్ మొదలైన కాసేపటికే మనం నడిచేది ఆ కొండ అంచునే. ఎంత హడావుడిలో ఉన్నా అక్కడ నాకు వాళ్లు గుర్తొచ్చారు.

వింటర్ స్పైన్ రేస్ 2012లో మొదలైంది. బాట మొత్తం జనవరిలో, ఒకే విడతలో పూర్తి చెయ్యాలి. గడువు 168 గంటలు, అంటే సరిగ్గా వారం. గడియారం ఒకసారి కదిలితే చివరిదాకా ఆగదు. తిన్నా, పడుకున్నా, దారి తప్పి వెతుక్కున్నా అంతా ఆ లెక్కలోకే వస్తుంది. రిబ్బన్లు కట్టి దారి చూపించరు, మ్యాపు, కంపాస్, జీపీఎస్ పెట్టుకుని ఎవరి దారి వాళ్లే చూసుకోవాలి. మధ్యలో ఐదు ప్రధాన చెక్‌పాయింట్లు ఉంటాయి. మన సామాన్ల బ్యాగు ఒకదాన్ని నిర్వాహకులే బండిలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరవేస్తారు. వేడి భోజనం, మంచం, పొడి బట్టలు అక్కడే. కానీ ఒక చెక్‌పాయింట్ నుంచి ఇంకోదానికి అరవై మైళ్ల దూరం ఉండే చోటు కూడా ఉంది. ఆ మధ్యలో వీపు మీద మోస్తున్నదే దిక్కు.

అందుకే ఏమేం మోయాలో నిబంధన గట్టిగా ఉంటుంది. స్లీపింగ్ బ్యాగ్, దాని మీద తొడిగే వాటర్‌ప్రూఫ్ బివ్వీ బ్యాగ్, కింద పరుచుకునే మ్యాట్, చిన్న స్టవ్, గ్యాస్, హెడ్‌టార్చ్, ఇంకో లైటు, బూట్లకి తొడుక్కునే స్పైక్స్, గాగుల్స్, ఫస్ట్ ఎయిడ్ సామాను, తిండి. రేస్ ముందురోజు వీటిని తనిఖీ చేస్తారు. భుజానికి ఒక ట్రాకర్ తగిలిస్తారు, దాని మీద ఎస్ఓఎస్ బటన్ ఉంటుంది. ఇంత బరువా అని మొదట అనిపిస్తుంది. కొండ మీద ఒక రాత్రి గడిచాక ఆ మాట ఎవరి నోటా రాదు.

ఈ రేస్ చరిత్రలో నన్ను బాగా కదిలించింది 2019లో జాస్మిన్ ప్యారిస్ గెలవడం. ఆడవాళ్ల విభాగంలో మాత్రమే కాదు, మొత్తం రేస్ ఆమే గెలిచారు. 83 గంటల 12 నిమిషాలు. అప్పటిదాకా ఉన్న రికార్డు కంటే 12 గంటలు తక్కువ. అప్పటికి ఆమె కూతురికి ఏడాది దాటి రెండు నెలలు. దారిలో చెక్‌పాయింట్ల దగ్గర ఆగి, చనుబాలు పిండుకుంటూ వెళ్లారు. 2024లో జాక్ స్కాట్ 73 గంటలలోపే పూర్తి చేసి ఆ రికార్డుని ఇంకా కిందికి దించారు. అయినా నేను మళ్లీ మళ్లీ చదివింది ఆమె గురించే. అందరికంటే ఒక పని ఎక్కువున్న మనిషి అందరికంటే ముందు వచ్చారంటే, ఆగిన ప్రతి నిమిషాన్నీ ఎంత పొదుపుగా వాడి ఉండాలి! నా సాధన మొత్తాన్ని ఆ కోణంలోకి తిప్పింది ఆ ఆలోచనే.

అప్పటికి నేను మారథాన్లు, వంద మైళ్ల పరుగులు చేసి ఉన్నాను. ఓపిక గురించి భయం లేదు. చలిగాలిలో, చీకట్లో చేతులు పనిచేస్తాయా అన్నదే టెన్షన్. అందుకని ఆ శీతాకాలం ముందు నుంచీ వారాంతాల్లో వాన పడే రాత్రి చూసి మరీ కొండ మీదికి పోయేదాన్ని. పైకెక్కాక గాలి తగిలే చోట కావాలని ఆగడం. బ్యాగు దించి, మ్యాట్ పరిచి, బివ్వీ విప్పి, అందులో దూరి, స్టవ్ మీద నీళ్లు కాచుకుని, తిరిగి అన్నీ సర్దుకుని బయల్దేరడం. మొదట్లో చాలాసేపు పట్టేది, సర్దుకునేలోపే వేళ్లు కొంకర్లు పోయేవి. మెల్లగా ఒక వరుస ఏర్పడింది. ఆగబోయే ముందు, ఇంకా నడుస్తుండగానే ఏం చెయ్యబోతున్నానో పైకి చెప్పుకోవడం. ఆగగానే ముందుగా ఈకలు నింపిన డౌన్ జాకెట్, ఒంట్లో వేడి ఉన్నప్పుడే. తర్వాత తిండి. చేతులు తడిలో పెట్టే పని ఏదైనా ఉంటే అది చిట్టచివర. గ్లోవ్స్ ఒక్కసారి కూడా కింద పెట్టకుండా జాకెట్‌లోపల ఛాతీ మీద దోపుకోవడం. బ్యాగులో ఏది ఎక్కడుందో కళ్లు మూసుకుని తీయగలిగేదాకా ఇదే పని.

చలిలో ప్రమాదం ఎలా వస్తుందో తెలిస్తే ఇదంతా చాదస్తం అనిపించదు. ఎక్కుతున్నంతసేపు కండరాలు వేడి పుట్టిస్తూనే ఉంటాయి, చెమట పోసి లోపలి బట్టలు తడుస్తాయి. ఆగిన క్షణం ఆ వేడి ఆగిపోతుంది, తడి మాత్రం ఉంటుంది, గాలి దాన్ని ఆరబెడుతూ ఒంట్లో వేడిని లాగేస్తుంది. నిద్ర లేక, తిండి సరిగా లేక నడక మందగిస్తే ఆగకుండానే అదే జరుగుతుంది. ముందు వేళ్లు మొద్దుబారతాయి. వేళ్లు పనిచేయకపోతే జిప్పు తీయలేం, తినలేం, బట్ట మార్చలేం. మాట తడబడుతుంది, చిన్నదానికి చిరాకు వస్తుంది, చివరికి తెలివే మందగించి "నాకేం కాలేదు" అనిపిస్తుంది. కాబట్టి చలి వేశాక జాకెట్ వేసుకోవడం కాదు, వెయ్యబోయే ముందే వేసుకోవాలి. నెత్తి మీద కొండ కనిపిస్తుండగానే, కింద గోడ చాటున అన్నీ వేసుకుని గుండీలు బిగించుకుని ఎక్కాలి.

ఆదివారం పొద్దున 8 గంటలకి ఈడేల్‌లో బయల్దేరాం. ఆ కాలంలో అక్కడ వెలుగు ఉండేది ఎనిమిది గంటలే, మిగతా పదహారు చీకటి. జేకబ్స్ ల్యాడర్ మెట్ల మీదుగా కిండర్ ఎక్కేసరికి మబ్బులోకి వెళ్లిపోయాం. అక్కడి నేల పీట్. వేల ఏళ్లుగా కుళ్లిన నాచుతో ఏర్పడిన నల్లటి బురద, నీళ్లు పీల్చుకుని మోకాలి దాకా దిగుతుంది. జనం తొక్కి తొక్కి పాడైపోతోందని చాలాచోట్ల రాతి పలకలు పరిచారు. అవి కూల్చేసిన పాత బట్టల మిల్లుల్లోంచి తెచ్చిన నేలబండలు. వాటి మీద పల్చగా మంచు గడ్డకట్టి ఉంటే కనిపించదు. బ్లీక్‌లో అనే కొండ దాటాక నా ముందు వెళ్తున్నాయన ఒక్కసారిగా వెల్లకిలా పడటం చూసి స్పైక్స్ తొడుక్కున్నాను.

మొదటి రాత్రి పెద్దగా చెప్పుకోవడానికి లేదు. అందరూ ఉత్సాహంగా ఉంటారు, గుంపులుగా నడుస్తారు. ఎం62 హైవే మీది సన్నటి వంతెన దాటుతుంటే కింద లారీలు రొద చేస్తూ పోతున్నాయి. ఎన్ని మైళ్లు చీకట్లో నడిచి వచ్చామో, అంత వెలుతురు చూసి కళ్లు జిగేల్‌మన్నాయి. హెబ్డెన్ దగ్గరి మొదటి చెక్‌పాయింట్‌లో పడుకోకుండా, తిని, సాక్సు మార్చుకుని కదిలాను. అక్కడ పడుకోవాలని అనిపించినా నిద్ర పట్టదని ముందే అనుకున్నాను.

ఆ తర్వాతిదే అరవై మైళ్ల ముక్క. పచ్చిక పొలాలు, రాతి గోడలు, గోడ గోడకీ ఒక సన్నటి సందు. బ్యాగుతో ఆ సందుల్లోంచి దూరి దూరి తొడలు లాగేస్తాయి. మాలమ్ కోవ్ సున్నపురాళ్లు వానకి సబ్బు పూసినట్టు జారుతున్నాయి. పెనీగెంట్ ఎక్కేటప్పుడు రెండో రాత్రి. ఎత్తు 694 మీటర్లే, కానీ పైభాగంలో చేతులు ఆనించి ఎక్కాల్సిన రాళ్లు. గాలి పక్కనుంచి తోస్తుంటే ఒక్కో చెయ్యీ ఆనించి చూసుకుంటూ ఎక్కాను. దిగాక కామ్ రోడ్ అనే పాత రోమన్ రోడ్డు. దానికి అంతుండదు. మలుపుల్లేవు, ఎదురుగాలి. అక్కడే మొదటిసారి నడుస్తూ నడుస్తూ కునుకు పట్టింది. పక్క గడ్డిలోకి కాలు పడితే మెలకువ వచ్చేది. పైకి లెక్కలు అప్పజెప్పుకుంటూ హాజ్ చేరాను.

హాజ్ చెక్‌పాయింట్‌లో గడిపిన సమయం గురించి వివరంగా చెప్తాను, ఎందుకంటే నా రేస్ నిలబడింది అక్కడే. లోపలికి అడుగు పెట్టగానే ఒక వాలంటీర్ నా బ్యాగు అందించి, బూట్లు అక్కడే విప్పమన్నారు. లేసులు బురదతో బిగుసుకుపోయి ఉన్నాయి, ఆయనే కింద కూర్చుని విప్పారు. సాక్సు లాగితే కాళ్లు నావి అనిపించలేదు. అరికాలు మొత్తం తెల్లగా నాని, లోతైన మడతలు పడి ఉంది. మడమ పక్కన ఆ మడత ఒకచోట చీలి లోపలి ఎర్రదనం కనిపిస్తోంది. ఇది ఇలాగే తడిలో ఇంకో రోజు నడిస్తే ట్రెంచ్ ఫుట్‌లోకి దిగుతుంది, నరాలు దెబ్బతింటాయి. వైద్య బృందంలోని ఒకావిడ వచ్చి, వేలితో నొక్కి చూసి, "వీటికి కావాల్సింది మందు కాదు, గాలి. ముందు ఆరనివ్వండి, ఆరాక వస్తాను" అన్నారు. తుడిచి, కాళ్లు బల్ల మీదికి చాపుకుని, ఆరేలోపు రెండు ప్లేట్ల పాస్తా తిన్నాను. ఆ కాళ్లతోనే, సాక్సు లేకుండా, పడుకున్నాను. నిద్ర కంటే అప్పుడు కాళ్లకి ఆ గాలి ముఖ్యం. లేచేసరికి మడతలు చాలావరకు తగ్గాయి. ఆవిడ చీలిక మీద టేపు వేశారు, అది మడత పడకుండా అంచుల్ని వేలితో పదిసార్లు రాశారు. నేను అరికాళ్లకి, వేళ్ల సందుల్లో మందంగా క్రీము పట్టించి, పల్చటి ఉన్ని సాక్సు, దానిమీద వాటర్‌ప్రూఫ్ సాక్సు, ఒక సైజు పెద్ద బూట్లు. కాళ్లు వాస్తాయని ఆ పెద్ద సైజు జత ముందే బ్యాగులో పెట్టుకున్నాను.

నా పక్క కుర్చీలో ఒక కుర్రాడు తడి సాక్సులతోనే, కోటుతోనే కూర్చుని, ఫోను చూసుకుంటూ అరగంట గడిపాడు. నాకంటే చాలా వేగంగా వచ్చినవాడు. "బూట్లు విప్పు నాన్నా" అని ఆ వాలంటీర్ బతిమాలుతూనే ఉన్నారు. ఈ రేస్‌లో చాలా ఏళ్లు మొదలుపెట్టినవాళ్లలో సగం మంది దాకా మధ్యలోనే మానేస్తారు. కొండ మీద కుప్పకూలి మానేసేవాళ్లు తక్కువ. వెచ్చటి గదిలో కూర్చుని, బయటికి వెళ్లడానికి మనసు రాక మానేసేవాళ్లే ఎక్కువని అక్కడ పనిచేసేవాళ్లు చెప్తారు. ఆ గదుల్లో కూర్చుని చూశాక ఆ మాట నాకు పూర్తిగా అర్థమైంది.

గ్రేట్ షన్నర్ ఫెల్, కెల్డ్ దాటి టాన్ హిల్ మీదికి వెళ్లాను. అక్కడున్న పబ్బు 528 మీటర్ల ఎత్తులో ఉంటుంది, బ్రిటన్‌లో అంతకంటే ఎత్తులో ఇంకో పబ్బు లేదు. దాని వెనకనుంచి మొదలయ్యే ఊబినేల గురించి ఎవరైనా ఎంత చెప్పినా తక్కువే. గుర్తుకి పాతిన కర్రలు హెడ్‌టార్చ్ వెలుగులో ఒకటి కనిపిస్తే రెండోది కనిపించదు. ఆ రాత్రే స్కాట్లండ్ నుంచి వచ్చిన ఒకావిడ, యాభై దాటినావిడ, నాతో కలిశారు. ఇద్దరి నడకా కుదిరింది. "నువ్వు నిద్రపోతే నేను మాట్లాడతాను, నేను నిద్రపోతే నువ్వు మాట్లాడు" అని ఒప్పందం చేసుకున్నాం. చివరిదాకా అది తప్పలేదు.

టీస్‌డేల్ అందం పగటి వెలుగులో చూడగలగడం అదృష్టం. హై ఫోర్స్ జలపాతం హోరు చాలా దూరం నుంచే వినిపించింది. ఆ పైన కాల్డ్రన్ స్నౌట్ పక్క రాళ్లెక్కి, సాయంత్రానికి హై కప్ నిక్ అంచుకి చేరాం. హిమానీనదం తొలిచిన లోయ అది, నల్లటి రాతి గోడలు రెండు వైపులా వంపు తిరిగి ఉంటాయి. వెలుగు పోతుండగా రెండు నిమిషాలు నిలబడి చూశాం. అనవసరంగా ఆగింది అక్కడొక్కచోటే, దానికి నాకు ఏ మాత్రం బాధ లేదు.

డఫ్టన్ ఊళ్లో, గోడ చాటున, ఉన్న బట్టలన్నీ వేసుకున్నాం. ఎదురుగా ఉన్నది క్రాస్ ఫెల్, 893 మీటర్లు, పెన్నైన్ కొండలన్నిట్లో ఎత్తైంది. అక్కడి గాలికి హెల్మ్ విండ్ అని సొంత పేరే ఉంది, బ్రిటన్‌లో పేరున్న గాలి అదొక్కటే అంటారు. నాక్ ఫెల్ మీదికి వచ్చేసరికి మబ్బు కమ్మేసింది. హెడ్‌టార్చ్ వేస్తే వెలుగంతా తెల్లటి గోడలా ముఖం మీదికే తిరిగొస్తుంది. దాన్ని తల మీంచి తీసి నడుము దగ్గర పట్టుకుంటే కాళ్ల ముందు రెండడుగులు కనిపించాయి. బ్యాగులోంచి నీళ్లు తాగే పైపు గడ్డకట్టింది. జాకెట్ లోపల పెట్టుకున్న సీసాలోవే తాగాం. జీపీఎస్ బ్యాటరీలు చలికి పడిపోతాయని స్పేర్‌వి గ్లోవ్ లోపల అరచేతిలో పెట్టుకున్నాను. కనుబొమల మీద మంచు పేరుకుని, రెప్ప వాలిస్తే తెరవడానికి ఒక్క క్షణం పట్టేది.

గ్రేట్ డన్ ఫెల్ మీద విమానాల కోసం పెట్టిన పెద్ద రాడార్ గోళం ఉంది. పక్కనుంచే వెళ్లినా మాకది కనిపించలేదు. అక్కడికి కొంచెం అవతల ఒకాయన వంగి నిలబడి ఉన్నాడు. పలకరిస్తే బాగానే ఉన్నానన్నాడు, కానీ మాట ముద్దగా వచ్చింది. చూస్తే జాకెట్ జిప్పు సగం దాకా తెరిచే ఉంది, దాన్ని పట్టుకోడానికి వేళ్లు రావడం లేదు. నాతో నడుస్తున్న ఆవిడ గాలికి అడ్డంగా నిలబడ్డారు. నేను ఆయన బ్యాగు తెరిచి డౌన్ జాకెట్ తీసి, వాటర్‌ప్రూఫ్ మీదనుంచే తొడిగి, జిప్పు గడ్డం దాకా లాగాను. చేతులకి మిట్టెన్స్ తొడిగి, చాక్లెట్ విరిచి నోట్లో పెట్టాను. నమలడం మొదలుపెట్టాక "థాంక్యూ" అన్నాడు. ఎస్ఓఎస్ నొక్కుదామా అని మేమిద్దరం మాట్లాడుకున్నాం. నడవగలుగుతున్నాడు, ప్రశ్నలకి సరైన జవాబులే చెప్తున్నాడు, అక్కడే నిలబడి సాయం కోసం ఎదురుచూస్తే ముగ్గురం చల్లబడతాం, దగ్గర్లో మనుషులున్న గుడిసె ఉంది. ఆయన్ని మధ్యలో పెట్టుకుని నడిచాం. నేను ముందు దారి చూస్తూ, ఆవిడ వెనకనుంచి ఆగకుండా ఏదో ఒకటి అడుగుతూ. ఆయన పిల్లల పేర్లు, ఉద్యోగం, మొదటి కారు, అన్నీ మాకు తెలిసిపోయాయి.

శిఖరం అవతలి వాలులో గ్రెగ్స్ హట్ ఉంది. ఒకప్పుడు సీసం గనుల కార్మికులు ఉన్న రాతి గుడిసె. ఇప్పుడు నడిచేవాళ్లెవరైనా రాత్రి తలదాచుకోవచ్చు. రేస్ రోజుల్లో వాలంటీర్లు అక్కడ మకాం వేసి, వచ్చినవాళ్లకి వేడివేడి నూడుల్స్ పెడతారు. తలుపు తెరవగానే ఆవిరి, కొవ్వొత్తుల వెలుతురు. ఆయన్ని పొయ్యి పక్కన కూర్చోబెట్టి స్లీపింగ్ బ్యాగ్‌లో దూర్చారు. నాకు ఇచ్చిన నూడుల్స్‌లో మిరపకాయ ముక్కలు ఘాటుగా తగిలి ముక్కు కారింది, చెవులు వేడెక్కాయి. అంత రుచి నేను ఎక్కడా ఎరగను. ఆయన రేస్ మాత్రం అక్కడితో ఆగిపోయింది. వణుకు తగ్గాక మమ్మల్ని పిలిచి ఇద్దరి చేతులూ పట్టుకున్నాడు.

ఆల్‌స్టన్ చెక్‌పాయింట్‌లో గంటన్నర నిద్రపోయాను. రెండు గంటలు దాటితే ఒళ్లు బిగుసుకుపోతుంది, గంట కంటే తక్కువైతే మెదడు తేరుకోదు, నా శరీరానికి ఆ లెక్క సాధనలోనే తేలింది.

హేడ్రియన్ గోడ వెంట తెల్లవారింది. రోమన్లు క్రీ.శ. 122లో మొదలుపెట్టిన గోడ అది. గోడ పోయిన చోటల్లా మనమూ పోవాలి, కొండ అంచు ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. ఒక పల్లంలో ఒంటరిగా నిలబడి ఎంతో పేరుపొందిన సికమోర్ చెట్టుని 2023 సెప్టెంబర్‌లో ఇద్దరు మనుషులు నరికేశారు. మొద్దు మాత్రం ఉంది. దాని పక్కనుంచి పోతుంటే గుండె కలుక్కుమంది. అక్కడినుంచి వార్క్ అడవిలోకి. నిద్రలేమి అసలు రూపం చూపించింది అక్కడే. రాతి గోడల్లో ప్రతి రాయిమీదా ముఖం. దారి మధ్యలో గొడుగు వేసుకుని నిలబడ్డ మనిషి, దగ్గరికి పోతే గేటు స్తంభం. అది నిజం కాదని నాకు తెలుసు, అయినా పక్కకి తప్పుకుని నడిచేదాన్ని. "నీకూ ఆ కుక్కపిల్ల కనిపిస్తోందా?" అని ఆవిడ అడిగారు. లేదన్నాను. "సరే, అయితే దాన్ని పట్టించుకోను" అన్నారు మామూలుగా. కళ్లు మరీ మూతపడుతుంటే రోడ్డు పక్క బస్ షెల్టర్ లాంటిది ఏదైనా చూసుకుని, బివ్వీలో దూరి, పదిహేను నిమిషాలకి అలారం పెట్టుకునేవాళ్లం. ఆ పదిహేను నిమిషాలకే గేటు స్తంభాలు మళ్లీ గేటు స్తంభాలయ్యేవి.

బెల్లింజమ్ తర్వాత మిగిలింది చెవియట్ కొండలు. బర్‌నెస్ నుంచి ఎక్కితే ఇక ఊరంటూ ఉండదు, సరిహద్దు కంచె వెంట మైళ్ల తరబడి ఒకే దారి. కంచెకి ఇటు ఇంగ్లండ్, అటు స్కాట్లండ్. దారిలో రెండు చెక్క గుడిసెలు, అంతే. రెండో గుడిసెలో కూర్చుని నీళ్లు కాచుకున్నాం. చేతులు తమంతట తామే పని చేసుకుపోయాయి. జాకెట్, తిండి, నీళ్లు, సర్దడం. మెదడు ఎప్పుడో అలిసిపోయింది, ఆ వానరాత్రుల సాధన మాత్రం వేళ్లలో మిగిలింది. షిల్ కొండ ఎక్కి దిగాక తారురోడ్డు వచ్చింది. వాచిన అరికాళ్లకి ఆ గట్టినేల ఊబికంటే ఎక్కువ బాధపెట్టింది.

కర్క్ యెథమ్‌లో పచ్చిక మైదానం పక్కన బోర్డర్ హోటల్ ఉంది. దాని గోడని తాకితే రేస్ పూర్తయినట్టు. మేమిద్దరం కలిసే తాకాం. చప్పట్లు కొడుతున్నవాళ్లు కొద్దిమందే. వాళ్లలో హాజ్‌లో నా లేసులు విప్పిన ఆయన కూడా ఉన్నారు. గుర్తుపట్టి, "కాళ్లెలా ఉన్నాయి?" అని అడిగారు. నేను ఏడ్చేశాను.

తర్వాత చాలా రోజులు పాదాలు బూట్లలో పట్టలేదు. కాలివేళ్ల చివర్లు మొద్దుబారి, వసంతం వచ్చాకగానీ స్పర్శ పూర్తిగా తిరిగి రాలేదు. ఎంత తిన్నా ఆకలి. రాత్రిళ్లు లేచి హెడ్‌టార్చ్ కోసం తడుముకోవడం ఇంకా అప్పుడప్పుడు జరుగుతూనే ఉంది.

ఇది చదివి వెళ్లాలనిపించేవాళ్లు ఉంటారు. ఈడేల్ నుంచి హాజ్ దాకా 108 మైళ్ల ఛాలెంజర్ పోటీ కూడా జనవరిలోనే జరుగుతుంది, గడువు 60 గంటలు. ముందు దానికి పేరివ్వండి. అంతకంటే ముందు, శీతాకాలంలో ఒక వానరాత్రి, తోడు ఒకరిని పెట్టుకుని, పూర్తి బరువుతో కొండెక్కి, గాలిలో బివ్వీ విప్పి, నీళ్లు కాచుకుని తాగి, అన్నీ సర్దుకుని దిగి రండి. ఎంతసేపు పట్టిందో రాసిపెట్టుకోండి. తోడు ఎవరూ దొరక్కపోతే నేను వస్తాను.